నమ్మకం లేని కొడుకు తద్దినం పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోయి పది నెలలైంది. కాలేజీ రోజుల నుంచీ నాకు దేవుడి మీదా, తంతుల మీదా నమ్మకం లేదు. తలకొరివి పెట్టాను గానీ ఆ తర్వాత దినాలేవీ చేయనని చెప్పేశాను. ఆ ఖర్చు ఒక అనాథాశ్రమానికి పంపాను. బంధువులు నానా మాటలూ అన్నారు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఎవరింటికీ వెళ్ళదు, ఎవరు పిలిచినా రానంటుంది. మొన్న ఉన్నట్టుండి "సంవత్సరీకమైనా పెట్టరా" అంది. నాన్న ఏటా తాతయ్య తద్దినానికి బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇచ్చి, పిండం పెట్టి, డాబా మీద కాకి కోసం ఎదురుచూస్తూ నిలబడేవారు. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు అదే డాబా మీద నేను నిలబడితే ఆత్మవంచన కాదా? నా భార్యది క్రైస్తవ కుటుంబం. వంట తనే చేస్తానంటోంది. ఏడేళ్ళ మా పాప "తాతయ్య ఎక్కడికెళ్ళాడు?" అని అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు:

పెట్టండి.

కారణాలకన్నా ముందు జవాబు చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీకు వ్యవధి ఎక్కువ లేదు. పది నెలలు నోరు మెదపని మనిషి ఒక్క కోరిక కోరింది, అదీ తగ్గించుకుని కోరింది. కొడుకు సిద్ధాంతం ఎంత గట్టిదైనా ఇలాంటప్పుడు కాస్త పక్కకి జరగొచ్చు. అలాగని అమ్మ కోసం పళ్ళబిగువున కానిచ్చేయమని మాత్రం చెప్పను. మొహం గంటు పెట్టుకుని పిండం పెట్టే కొడుకుని చూడటం కన్నా పెట్టకపోవడమే ఆవిడకి నయం. మీ అనుమానం సంగతి తేల్చుకునే పీట మీద కూర్చోండి.

తంతు చేయడమంటే దాని వెనకున్న నమ్మకాన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టడమేనని మీరు అనుకుంటున్నారు. పిండం పెట్టినవాడు పితృలోకం ఉందని సాక్ష్యం చెప్పినట్టే అని. ఈ లెక్క అందరూ ఒప్పుకున్నది కాదు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో చైనాలో షున్ జీ అనే తత్వవేత్త ఉండేవాడు. కన్ఫ్యూషియస్ దారిలో వాడే, కానీ దయ్యాలనీ, శకునాలనీ నమ్మేవాడు కాదు. వాన కోసం పూజ చేస్తే వాన పడింది, దానికి ఏమంటావు అంటే, ఏమీ లేదు, పూజ చేయకపోయినా పడేదే అన్నాడు. అలాంటి మనిషి చనిపోయిన పెద్దలకి చేసే కర్మలు మానేయమన్నాడా అంటే, లేదు. వాటి గురించి ఒక పెద్ద అధ్యాయమే రాశాడు. తెలిసినవాళ్ళు వాటిని మనుషుల వ్యవహారంగా చూస్తారు, మామూలు జనం ప్రేతాలకి చేసే సేవగా చూస్తారు అన్నది ఆయన మాట. ఇద్దరూ ఒకే పళ్ళెం పెడతారు, ఒకే దణ్ణం పెడతారు. మీరూ మీ అమ్మగారూ ఒకే డాబా మీద నిలబడటానికి రెండువేల ఏళ్ళ కిందటే ఒకాయన అనుమతి ఇచ్చేశాడన్నమాట.

చైనా సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 16వ శతాబ్దం చివర్లో అక్కడికి వెళ్ళిన మత్తెయో రిచ్చీ అనే జెసూట్ (ఒక కాథలిక్ సంఘం) ఫాదరీకి అచ్చం మీ ప్రశ్నే ఎదురైంది. క్రైస్తవంలోకి వచ్చిన చైనావాళ్ళు తాతముత్తాతల పేర్లు రాసిన పలకల ముందు అగరొత్తులు వెలిగించి మోకరిల్లుతున్నారు. అది పూజా, గౌరవమా? గౌరవమే, చేసుకోనివ్వండి అన్నాడు రిచ్చీ. ఆయన పోయాక వేరే సంఘాల ఫాదరీలు కాదు, విగ్రహారాధనే అని రోముకి ఫిర్యాదు చేశారు. 1704లో పోప్ 11వ క్లెమెంట్ వద్దన్నాడు, 1742లో 14వ బెనడిక్ట్ ఆ నిషేధాన్ని ఇంకా బిగించాడు. ఈ రెంటి నడుమే, మా తాతలకి దణ్ణం పెట్టుకోవద్దనడానికి మీరెవరని చైనా చక్రవర్తికి ఒళ్ళు మండి, ఫాదరీల ప్రచారాన్నే ఆపించాడు. చివరికి 1939లో 12వ పయస్ కాలంలో రోము నెమ్మదిగా దిగివచ్చి, అవి పౌర మర్యాదలుగా చేసుకోవచ్చు అంది. రెండొందల ఏళ్ళకి పైగా పట్టింది. మీరు పది నెలలకే తేల్చుకోలేకపోతున్నానని బాధపడకండి.

యూదుల సంగతి దీనికన్నా నాకు నచ్చుతుంది. తల్లో తండ్రో పోతే కొడుకు పదకొండు నెలల పాటు రోజూ 'కద్దీష్' అనే ప్రార్థన చెప్పాలి. అందులో మొదటి నుంచి చివరి దాకా చావు ఊసే ఉండదు. ఆత్మ ఊసూ లేదు, పోయినవాళ్ళ పేరూ లేదు. అంతా దేవుడి స్తోత్రం, అదీ అరమాయిక్ భాషలో, చెప్పేవాళ్ళలో చాలామందికి అర్థం కాదు. కానీ ఒక షరతు ఉంది. కనీసం పదిమంది పెద్దవాళ్ళు హాజరుగా ఉంటే తప్ప అది చెప్పకూడదు. అంటే దుఃఖంలో ఉన్నవాడు ఇంట్లో తలుపేసుకుని కూర్చోవడానికి వీల్లేదు, మనుషులున్న చోటికి పోవాలి, ఆ పదిమందీ వాడికోసం రావాలి. దేవుణ్ణి నమ్మని యూదులు కూడా తండ్రి కోసం వెళ్ళి చెప్పి వస్తుంటారు. వాళ్ళెవరూ ఆత్మవంచన చేసుకుంటున్నట్టు నాకు అనిపించదు. మీకు అనిపిస్తోందా?

ఇప్పుడు మీరు మానేసిన దినాల సంగతి. మంత్రాలు మానేశానని మీరనుకున్నారు. మంత్రాలతో పాటు ఏమేం పోయాయో చూడండి. మూడో రోజు చిన్న దినం, పదకొండో రోజు పెద్ద దినం, నడుమ రోజూ ఎవరో ఒకరు వచ్చి పోతూ ఉండటం. పలకరింపు చాలామందికి చేతకాని పని. గడప దగ్గర నిలబడి ఏమనాలో తోచదు. దినం అయితే ఏమీ అనక్కర్లేదు. విస్తళ్ళు వేయొచ్చు, నీళ్ళ డ్రమ్ము జరపొచ్చు, షామియానా కుర్రాడితో పోట్లాడొచ్చు, ఆ హడావిడిలో అమ్మగారి పక్కన ఒక పది నిమిషాలు కూలబడొచ్చు. మీరు ఆ రోజుల్ని తీసేసేసరికి వాళ్ళకి రావడానికి ఒక రోజంటూ లేకుండా పోయింది. వాళ్ళు నానా మాటలూ అన్నది శాస్త్రం మీద ప్రేమ కొద్దీ మాత్రమే అనుకోకండి. సగం మందికి మీ నాన్నగారి కోసం చేయడానికి ఒక పని దొరకలేదన్న ఉక్రోషం.

అనాథాశ్రమానికి డబ్బు పంపడం మంచి పనే, తప్పు పట్టను. కానీ అందులో మీ అమ్మగారు ఎక్కడున్నారు? ఫోన్‌లో నాలుగు అంకెలు నొక్కితే అయిపోయే పనిలో ఆవిడ కూర్చోవడానికి చోటు లేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్ళో, వియ్యాలవారో అన్నం వండి పంపుతారు. దీన్ని అంటు, మైల అని చెప్పుకుంటాం గానీ ఇది మన ఒక్కళ్ళ ఆచారం కాదు. యూదుల్లో పాతిపెట్టి వచ్చాక తినే మొదటి ముద్ద సొంతింటిది కాకూడదు, ఇరుగుపొరుగు తెచ్చినదే తినాలి, అందులో కోడిగుడ్లో, మసూర్ పప్పో ఉంటుంది. ముస్లింల సంగతి చూడండి. క్రీ.శ. 629లో మూతా యుద్ధంలో ప్రవక్త పెదతండ్రి కొడుకు జాఫర్ చనిపోయాడని వార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్ళు ఉన్న స్థితిలో వండుకోలేరు, జాఫర్ ఇంటికి అన్నం వండి పంపండి అని ప్రవక్త చెప్పారట. ఇప్పటికీ అదే పద్ధతి. మూడు మతాలకీ పరలోకం గురించి పెద్దగా పొత్తు కుదరదు. ఏడ్చి ఏడ్చి పడుకున్న మనిషికి మర్నాడు ఆకలేస్తుందన్న విషయంలో మాత్రం కుదిరింది.

పొత్తు కుదిరిన రెండో విషయం, గడువు. ఫ్రాన్స్‌లో ఆర్నల్డ్ వాన్ జెన్నెప్ అనే ఆయన పుట్టుక, పెళ్ళి, చావు తంతుల్ని దేశదేశాల నుంచీ పోగుచేసి 1909లో ఒక పుస్తకం వేశాడు. అన్నింట్లోనూ మూడు అంకాలు కనిపించాయి ఆయనకి. మనిషిని పాత స్థానం నుంచి విడదీయడం, కొన్నాళ్ళు ఇటూ అటూ కాని చోట ఉంచడం, మళ్ళీ కొత్త స్థానంలో నలుగురిలో కలపడం. ఆ నడిమి రోజులకి ప్రతి సంప్రదాయమూ ఒక అంకె పెట్టింది. మనకి పది, పదకొండు, పదమూడు రోజులు. జపాన్ బౌద్ధులకి 49. ముస్లిం స్త్రీకి భర్త పోతే నాలుగు నెలల పది రోజులు. యూదులకి ఏడు. ఆ ఏడు రోజులూ అద్దాల మీద గుడ్డలు కప్పి, ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. ఏడో రోజు పొద్దున్న లేచి, బయటికి వచ్చి, వీధి చుట్టూ ఒక్కసారి నడిచి వస్తారు. అంతే, అయిపోయింది. రేపటి నుంచి దుకాణం తెరవచ్చు. దుఃఖం తీరిందని కాదు. మళ్ళీ మనుషుల్లోకి వస్తే ఎవరూ వేలెత్తి చూపరని.

మీ అమ్మగారికి ఆ నడక ఎవరూ నడిపించలేదు. ఆవిడ ఎవరింటికీ వెళ్ళడం లేదని రాశారు, బెంగ అనుకుంటున్నట్టున్నారు. బెంగ ఉండొచ్చు. కానీ మీ గుంటూరు, కృష్ణా వైపు పద్ధతి గుర్తు తెచ్చుకోండి. పెద్ద దినం అయ్యాక పుట్టింటివాళ్ళో, దగ్గరి చుట్టాలో వచ్చి నిద్రకి తీసుకెళ్తారు. వాళ్ళింట్లో ఒక రాత్రి పడుకోబెట్టి పంపుతారు. అది అయితే గానీ పెద్దవాళ్ళు ఇంకొకరి గడప తొక్కరు. మీరు పెద్ద దినం చేయలేదు, ఆవిణ్ణి నిద్రకి ఎవరూ తీసుకెళ్ళలేదు. పైగా ఏడాది తిరిగేదాకా ఏటి సూతకం. వీటిలో మీకు నమ్మకం లేకపోవచ్చు, ఆవిడకి ఉంది, ఆవిడ కాళ్ళు కదలాల్సింది ఆవిడ నమ్మకం ప్రకారం. ఆవిడ మిమ్మల్ని అడిగింది పితృలోకానికి తోవ అయినా కాకపోయినా, పక్కింటికి తోవ మాత్రం అవును.

ఇక కాకి. మీరు నవ్విన కాకి గురించి నాకు చాలా గౌరవం.

అది ఎలా నడుస్తుందో మీకు తెలుసు, కానీ నవ్వుతూ చూసినవాళ్ళకి అసలు సంగతి కనిపించదు. పిండం పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినాయన తృప్తిపడ్డట్టు. రాకపోతే? ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు మొదలవుతుంది అసలు తంతు. పెద్దాయనకి ఏం మిగిలిపోయిందో అని గుసగుసలు. ఒకరు ముందుకొచ్చి "చిన్నదాని పెళ్ళి మేం చేస్తాం" అంటారు. కాకి రాదు. "అప్పు మేం తీర్చేస్తాం, బెంగపెట్టుకోకు" అంటాడు అల్లుడు. రాదు. చివరికి నాలుగేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ముల్లో ఒకడు గొంతు పెగుల్చుకుని "గట్టు దగ్గర పొలం గొడవ మానేశాను నాన్నా, తమ్ముడికే వదిలేశాను" అంటాడు. ఈలోగా కాకి ఎలాగూ వస్తుంది, దానికి ఆకలేస్తుంది. పిండం ముట్టుకుంటుంది. ఊరంతా విన్నది కాబట్టి ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

దీనికి కాకికి పితృదేవతలతో చుట్టరికం ఉండాల్సిన పని లేదు. కుటుంబంలో ఎవరికి వాళ్ళు మనసులో తొక్కిపెట్టిన మాటల్ని నలుగురి ముందూ పైకి అనిపించడానికి ఇంతకన్నా మర్యాదైన ఏర్పాటు నాకు ఏ దేశపు తంతులోనూ కనిపించలేదు. కూర్చోబెట్టి అడిగితే ఏ తెలుగువాడూ చెప్పడు, కాకి రాకపోతే చెబుతాడు. మీరు డాబా మీద నిలబడ్డప్పుడు అది ఆలస్యం చేస్తే, మీ దగ్గర నాన్నగారికి చెప్పాల్సింది ఏదైనా ఉంటే పైకే చెప్పండి. అమ్మగారు వింటారు. హైదరాబాద్‌లో కాకులు తగ్గాయి కాబట్టి ఆలస్యం చేసే అవకాశం బాగానే ఉంది. మరీ రాకపోతే ఆవుకి పెట్టమనో, నీళ్ళలో కలపమనో పంతులుగారే చెబుతారు.

పక్కన నిలబడి చూసేవాళ్ళకి కూడా ఏదో జరుగుతుందనడానికి ఒక చిన్న దాఖలా ఉంది. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రీకే అనే ఊళ్ళో ఏటా జూన్ 23 రాత్రి నిప్పుల మీద నడుస్తారు. కొందరు పరిశోధకులు నడిచేవాళ్ళ గుండె వేగాన్నీ, చూస్తున్నవాళ్ళ గుండె వేగాన్నీ కొలిచి, 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు. చుట్టాలూ స్నేహితులూ ఊరికే కూర్చుని చూస్తున్నా, వాళ్ళ గుండె వేగం నడిచేవాడి గుండెతో పాటే పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. బయటి నుంచి వచ్చిన తెలియనివాళ్ళలో అలా రాలేదు. మీరు పీట మీద ఉన్నంతసేపూ అమ్మగారు గుమ్మం పక్కన కూర్చుని ఉంటారు. ఆవిడది ఊరికే కూర్చోవడం అనుకోకండి.

మీరు హేతువాది కాబట్టి మన హేతువాదులు ఏం చేశారో కూడా చెప్పాలి. మీ తెనాలి ఆయనే, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి. పురోహితుడు అక్కర్లేదన్నారు, సంస్కృత మంత్రాలు అర్థం కావన్నారు. అలాగని పెళ్ళి తంతే వద్దనలేదు. తెలుగులో 'వివాహవిధి' రాసి, తానే పురోహితుడిగా కూర్చుని పెళ్ళిళ్ళు చేయించారు. తమిళనాడులో పెరియార్ అనుచరులు అగ్నిహోత్రం తీసేసి దండలు మార్చుకునే ఆత్మగౌరవ వివాహం పెట్టారు, 1967లో దానికి చట్టబద్ధత కూడా తెచ్చుకున్నారు. కమ్యూనిస్టు చనిపోతే భౌతిక కాయం మీద ఎర్రజెండా కప్పుతారు, పిడికిళ్ళు ఎత్తుతారు, పాటలు పాడతారు, తర్వాత సంస్మరణ సభ. ఆ సభలో మనం లేచి నిలబడే రెండు నిమిషాల మౌనం కూడా ఒక తంతే. మొదటి ప్రపంచ యుద్ధ మృతుల కోసం 1919 నవంబర్ 11న బ్రిటన్ సామ్రాజ్యమంతటా పాటించారు, అక్కడి నుంచి మన పంచాయతీ ఆఫీసుల దాకా వచ్చింది. ఆ రెండు నిమిషాల్లో ఎవరేం నమ్ముతున్నారో ఎవరూ అడగరు. పాత తంతు నచ్చనివాళ్ళు కొత్తది కట్టుకున్నారు. ఖాళీగా వదిలేసింది మీరే.

ఇంతవరకూ పెట్టమని వకాల్తా పుచ్చుకున్నాను గానీ, గుడ్డిగా అన్నీ చేయమని కాదు. రెండుచోట్ల మీరు మొండికేయాలి.

మొదటిది, అమ్మగారి విషయం. భర్త పోయిన ఆవిడకి పదో రోజున పసుపు రాసి, పూలు పెట్టి, నిండా గాజులు వేసి, ఆ వెంటనే అందరి ముందూ అవి పగలగొట్టి, బొట్టు చెరిపే కార్యక్రమం గురించి వేరే చెప్పక్కర్లేదు. నాకు తంతులంటే ఎంత గౌరవమో దాని మీద అంత అసహ్యం. మీరు దినాలు చేయకపోవడం వల్ల ఆవిడ దాన్నుంచి తప్పించుకుని ఉంటే, ఆ ఒక్క విషయంలో మీ మొండితనం మేలు చేసింది. ఇప్పుడు ఏ పెద్దమనిషైనా 'అప్పుడు చేయలేదుగా' అంటూ ఆ మాట ఎత్తితే అక్కడే ఆపండి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ 2022 మే నెలలో తీర్మానం చేసి మరీ ఈ ఆచారాన్ని మానేసింది, మిగతా పంచాయతీలు కూడా ఆ దారి పట్టాలని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఊరు ఊరంతా మానగలిగినప్పుడు మీ ఇల్లు మానొచ్చు. బొట్టు పెట్టుకోవాలో వద్దో, ఏ రంగు చీర కట్టుకోవాలో ఆవిడ ఇష్టం. మీరూ బలవంతపెట్టకండి, 'అమ్మా బొట్టు పెట్టుకో' అని అభ్యుదయం కూడా రుద్దకండి.

రెండోది ఖర్చు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా అనే జాతి ఉంది. వాళ్ళు చనిపోయిన మనిషిని వెంటనే పాతిపెట్టరు. ఇంట్లోనే ఉంచుకుని, జబ్బుగా ఉన్న మనిషి అంటారు, వేళకి అన్నం పెడతారు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. చుట్టాలంతా చేరడానికీ, దున్నపోతుల బలులకీ డబ్బు కూడబెట్టుకోవడానికీ అంత కాలం పడుతుంది. ఆ బలుల అప్పులు పిల్లల నెత్తిన పడటం అక్కడ మామూలే. మన పెద్ద దినాల భోజనాలు కూడా ఆ దారినే పోతున్నాయి, పల్లెటూళ్ళలో ఫ్లెక్సీలు, ఐస్‌క్రీములు చూస్తూనే ఉన్నాం. శాస్త్రం ఇంత అడగలేదు. విష్ణుపురాణంలో శ్రాద్ధం గురించి చెబుతూ, పెట్టడానికి ఏమీ లేనివాడు నువ్వులు నీళ్ళు వదిలితే చాలంటుంది, అదీ లేకపోతే అడవికి పోయి, రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, నా భక్తితోనే తృప్తిపడండి అని పితరులకి చెప్పుకుంటే చాలంటుంది. పంతులుగారు దానాల జాబితా చదివినప్పుడు మొహమాటపడకుండా మీ తాహతు చెప్పండి. ఇంట్లో పదిహేను మంది భోంచేస్తే చాలు.

దినాలు చేయకుండా సంవత్సరీకం పెట్టొచ్చా అని మీరు అడగలేదు, పంతులుగారు అడుగుతారు. దాచకుండా చెప్పండి. వెనకబడిన కర్మకి ఏం చేయాలో వాళ్ళ పద్ధతిలో ఉంటుంది. శవం దొరకనివాళ్ళకి మోదుగ కాడలు 360 పేర్చి బొమ్మ చేసి దహనం చేసే విధానమే రాసిపెట్టుకున్నారు, మీది అంత చిక్కు కేసు కాదు.

మీ భార్య విషయంలో ఒక జాగ్రత్త. వంట చేస్తాననడం ఆవిడ మంచితనం. కానీ పితృదేవతలకి నివేదన చేసిన అన్నం తినడం గురించి కొన్ని సంఘాల్లో గట్టి అభ్యంతరం ఉంది, కొరింథీయుల పత్రికలో పౌలు దాని మీద పెద్ద చర్చే చేశాడు. ఆవిడ వండి, తినాల్సి వచ్చేసరికి ఇబ్బంది పడకూడదు. ముందే అడగండి. తినకపోయినా ఎవరూ నొచ్చుకోకుండా చూసే పూచీ మీది. నివేదన వంట ఎవరు చేయాలన్న దాని మీద మీ అమ్మగారికీ పట్టింపులుండొచ్చు, ఆవిణ్ణీ అడగండి, కోడలి ఎదురుగా కాకుండా. మనవాళ్ళకి ఇలాంటి సర్దుబాట్లు కొత్తేం కాదు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పీర్ల దగ్గర మొహర్రంకి గుండం తొక్కేవాళ్ళలో హిందువులు ఎందరో. వాళ్ళని ఎవరూ కల్మా చదవమనరు.

పాపకి 'నక్షత్రమయ్యాడు' అని చెప్పకండి, మీరు నమ్మనిది ఆ ఒక్క చోట చెప్పొద్దు. తాతయ్య చనిపోయాడు, ఆ తర్వాత ఏమవుతుందో నాన్నమ్మ ఒకలా అనుకుంటుంది, అమ్మ ఒకలా, నేను ఒకలా అనుకుంటాం అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏడేళ్ళ పిల్లకి ఇది అర్థమవుతుంది. ఆ రోజు స్కూలు మాన్పించి ఒక పని అప్పజెప్పండి. నువ్వుల గిన్నె అందించడమో, విస్తరిలో తాతయ్యకి ఇష్టమైన కూర వడ్డించడమో. అమ్మతోనూ ఇదే నిజాయితీ. "నాకు నమ్మకం కుదరలేదమ్మా, అయినా మనస్ఫూర్తిగానే చేస్తాను" అని ఒక్కసారి చెప్పేయండి. ఆవిడకి ఇరవై ఏళ్ళుగా తెలిసిన విషయమే.

ఇక చేయాల్సినవి. తిథి వెంటనే చూపించుకోండి. ఇంగ్లీషు తేదీ పట్టుకుని కూర్చుంటే దాటిపోతుంది. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి సంవత్సరీకం పది పదకొండు రోజులు ముందే వస్తుంది, మధ్యలో అధికమాసం పడితే పందొమ్మిది రోజుల దాకా ఆలస్యంగా వస్తుంది. వీలైతే హైదరాబాద్ ఫ్లాట్‌లో కాకుండా ఊళ్ళోనే, ఆ డాబా ఉన్న ఇంట్లోనే పెట్టండి. నానా మాటలూ అన్న బంధువుల్లో నలుగురికి మీరే ఫోన్ చేయండి. సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, ఫలానా రోజు రండి, గిన్నెలు తక్కువయ్యాయి మీవి పట్టుకురండి అంటే చాలు, వచ్చేస్తారు.

అన్నింటికన్నా ముందు, పంతులుగారికన్నా ముందు, మీ మేనమామకి ఫోన్ చేయండి. తద్దినం అయిన సాయంత్రం అమ్మని నిద్రకి తీసుకెళ్ళమని అడగండి. మేనమామ లేకపోతే పిన్నిగారైనా, ఆవిడ పుట్టిన ఊళ్ళో ఇంకెవరైనా సరే. రెండు రాత్రులు ఉంచుకోమనండి, ఇన్నాళ్ళు ఆగిన మనిషికి ఒక్క రాత్రి చాలదు.